గైర్హాజరైన పిల్లల మార్కులు

1991లో నెల్లూరు జిల్లాలో ‘అక్షర దీపం’ పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడికి వచ్చిన ప్రతి మనిషీ దాటాల్సిన గీతను ఢిల్లీలోని జాతీయ అక్షరాస్యతా మిషన్ అప్పటికే గీసి పెట్టింది. పైకి చదివితే నిమిషానికి 30 మాటలు, మనసులో చదువుకుంటే 35. చూచిరాత నిమిషానికి 7 మాటలు, చెప్పి రాయిస్తే 5. నూరు దాకా అంకెలు, మూడంకెల కూడికలు, తీసివేతలు, రెండంకెల గుణకారాలు, భాగహారాలు. మూడు వాచకాలు, ఒక్కో వాచకంలో మూడేసి పరీక్షలు. చదువంతా సుమారు 200 గంటల్లో పూర్తి కావాలి. పగలంతా నాట్లు వేసి, కలుపు తీసి వచ్చిన ఆడమనిషి దీపం ముందు కూర్చుని ఇదంతా సాధించడం చిన్న సంగతి కాదు. ఆ కొలత అర్థంలేనిదీ కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివే మనిషి వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు మరిచిపోతుంది.

అయితే అదే మిషన్ అక్షరాస్యతకు ఇచ్చిన నిర్వచనంలో ఇంకో అంశం కూడా ఉంది. తమ లేమికి కారణాలేమిటో జనం తెలుసుకోవాలి, సంఘటితమై ఆ స్థితిని మార్చుకునే దారి పట్టాలి అని అది చెబుతుంది. తొమ్మిది పరీక్షల్లో ఒక్కటి కూడా దీన్ని కొలవలేదు. కొలవకపోయినా నెల్లూరులో అది జరిగింది.

జిల్లాలో వాడిన వాచకాల్లో సారా వల్ల చితికిపోయిన సంసారాల కథలుండేవి. సీతమ్మ కథ అలాంటిదే. సముద్రానికి దూరంగా, మెట్ట ప్రాంతంలో, కలిగిరి మండలంలోని దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు ఊళ్ళోని సారా అంగడిని మూయించారు. ఆ ఊరి సంగతే తర్వాతి దశ పుస్తకంలో పాఠమైంది. ఆ పాఠం చదివిన ఊళ్ళలో ఆడవాళ్ళు తమ ఊరి అంగడి ముందుకు వెళ్ళి నిలబడ్డారు. 1992లో మెట్ట నుంచి డెల్టాకు, అక్కడి నుంచి ఒడ్డునున్న జాలరుల పట్టపుపాలేలకు ఆ కదలిక వ్యాపించింది. జిల్లాలో సారా వేలంపాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

ఇంత పెద్ద ఫలితాన్ని ఇచ్చిన బోధన పద్ధతి తెలుగు నేల మీద మరొకటి నాకు కనిపించదు. బ్రెజిల్‌లో పాలో ఫ్రేరీ 1963లో అంగికోస్ అనే ఊళ్ళో సుమారు 300 మందికి 40 గంటల్లో చదువు చెప్పిన ప్రయోగం గురించి ప్రపంచమంతా పుస్తకాలు వచ్చాయి. నేర్చుకునే మనిషి బతుకులోంచే మొదటి పాఠం తీసుకోవాలన్నది ఆయన పట్టు. నెల్లూరు రాత్రి బడుల్లో ఆ పట్టు జిల్లా అంతటి కొలతలో పనిచేసింది. కానీ మూల్యాంకన పత్రాల్లో దానికి గడి లేదు. ఎంతమంది చేరారు, ఎంతమంది మూడో వాచకం పూర్తిచేశారు అన్న రెండు అంకెలకే అక్కడ చోటు.

ఉద్యమాన్ని ప్రేమించే వాళ్ళు తప్పించుకునే ప్రశ్న కూడా ఒకటుంది. ఆ ఆడవాళ్ళలో ఐదేళ్ళ తర్వాత ఎంతమంది బస్సు బోర్డు చదవగలిగారు? అక్షరాస్యతా ఉద్యమాలపై 1994లో నివేదిక ఇచ్చిన అరుణ్ ఘోష్ సారథ్యంలోని నిపుణుల బృందం ఆ భయాన్నే వ్యక్తం చేసింది. మలిదశ కార్యక్రమం ఆలస్యమైన చోట నేర్చుకున్నవాళ్ళు మళ్ళీ నిరక్షరాస్యతలోకి జారిపోతున్నారని హెచ్చరించింది. 2001 జనగణనలో నెల్లూరు జిల్లా అక్షరాస్యత సుమారు 65 శాతం, 2011లో సుమారు 69. పదేళ్ళలో నాలుగు శాతమే పెరిగిందంటే, 90ల నాటి ఊపు బడిలోకి పూర్తిగా దిగలేదన్నమాట. పోరాటం గెలిచింది కాబట్టి చదువు నిలిచిందా అని అడగక్కర్లేదనడం నాకు సమ్మతం కాదు. పరీక్ష గడిలో లేదు కాబట్టి పోరాటాన్ని చదువు ఫలితంగా లెక్కించకపోవడం అంతకన్నా సమ్మతం కాదు.

ఏ ప్రత్యామ్నాయ పద్ధతి మంచిదని మన దగ్గర చర్చ మొదలైనా, అది టీచరు ఏం చేయాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. కృత్యాలు చేయించాలా, కార్డులివ్వాలా, ట్యాబ్ ఇవ్వాలా అని. ఆ పద్ధతి పనిచేసిందని ఎవరు, ఎప్పుడు, ఎవరిని లెక్కలో పెట్టుకుని చెప్పారన్నది వెనక్కి పోతుంది. సముద్రపు ఒడ్డు బడుల విషయంలో ఈ చివరి ప్రశ్నే అసలు ప్రశ్నని నా నమ్మకం. కావలి నుంచి తడ దాకా ఉన్న ఈ ఒడ్డున పట్టపువారి పాలేలున్నాయి, యానాది గిరిజనులుండే సంగాలున్నాయి. యానాది కుటుంబాలు రొయ్యల గుంటల కాపలాకు, కోతలకు, పులికాట్ మీద వేటకు కదిలిపోతుంటాయి. పిల్లలు వెంట పోతారు. పరీక్ష రోజున బడిలో ఉన్న పిల్లలను మాత్రమే కొలిస్తే ఇక్కడ ఏ పద్ధతైనా గెలుస్తుంది. వెనకబడ్డ పిల్లలు రావడం మానేస్తే తరగతి సగటు దానంతటదే పెరుగుతుంది.

పాత ప్రయోగాల్లోకి కొంచెం వెళ్తాను. ఈ ఒడ్డు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1789 నుంచి ఎగ్మూరులోని సైనికుల పిల్లల అనాథాశ్రమ బడిని నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాస్టర్, దగ్గర్లోని ఓ బడిలో పిల్లలు ఇసుక మీద వేలితో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో పెట్టాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఏర్పాటు చేశాడు. 1797లో లండన్‌లో దాన్ని పుస్తకంగా అచ్చువేస్తే, ‘మద్రాసు పద్ధతి’ పేరుతో అది ఇంగ్లండు పేదల బడుల్లో చాలావాటికి పాకింది. 1822లో థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని బడుల లెక్క తీయించినప్పుడు బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ కూడా వీధిబడుల్లో పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే తీరును మెచ్చుకుంటూ రాశాడు. అదే నివేదికలో ఆ చదువు చాలావరకు అర్థం తెలియని వల్లెవేతగా ఉందనీ రాశాడు. ఇంగ్లండులో ఈ పద్ధతికి వచ్చిన పేరంతా ఒక్కో పిల్లవాడికయ్యే ఖర్చు తగ్గడం వల్ల వచ్చింది. పిల్లలకు ఏం ఒంటబట్టిందన్న విచారణ చాలా ఆలస్యంగా మొదలైంది. కొలిచింది ఖర్చును గనుక మిగిలింది చౌకతనమే.

పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. ఆ ఉద్యమంలోంచే పొణకా కనకమ్మ 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయాన్ని స్థాపించింది. 1929లో గాంధీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. తాను బడికి పోయి చదివే భాగ్యం లేని ఒక పల్లెటూరి మనిషి, సర్కారు పరీక్షల చట్రానికి బయట, జాతీయ విద్య పేరుతో బడి పెట్టి నడపడం ఎంత సాహసమో ఇప్పుడు ఊహించడం కష్టం. 1937లో వార్ధా సమావేశం నుంచి వచ్చిన నయీ తాలీం మరో అడుగు ముందుకు వేసింది. చేతిపని ద్వారానే అన్ని పాఠాలూ చెప్పాలని, ఆ పని మీద వచ్చే రాబడితో బడి ఖర్చు గడవాలని గాంధీ కోరారు. కొలతను పద్ధతిలోనే కలిపిన అరుదైన ఆలోచన అది. పిల్లవాడు వడికిన నూలు చూస్తే నేర్చింది తెలుస్తుంది. కానీ ఆ కొలత పనిని పట్టుకున్నంతగా చదువును పట్టుకోలేదు. స్వాతంత్ర్యం తర్వాత చాలా బేసిక్ పాఠశాలల్లో రాట్నం మిగిలి, దాని చుట్టూ అల్లాల్సిన లెక్కలు, భూగోళం జారిపోయాయి.

మన తరం టీచర్లకు బాగా గుర్తుండే ప్రయోగం ఏపీపెప్, అంటే ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 80లలో చిన్న స్థాయిలో మొదలై, తర్వాత రాష్ట్రమంతటా నడిచి 1996లో ముగిసింది. దాని ఆరు సూత్రాలు వల్లించగల రిటైర్డు టీచర్లు ఇప్పటికీ ఉన్నారు: టీచరే కృత్యాలు తయారుచేసుకోవడం; చేసి, కనిపెట్టి, ప్రయోగించి నేర్చుకోవడం; ఒంటరిగా, జట్టుగా, తరగతి మొత్తంగా పని; పిల్లల మధ్య తేడాలను గుర్తించి చెప్పడం; ఊరి పరిసరాలను వాడుకోవడం; తరగతి గదిలో పిల్లల పనుల ప్రదర్శన. ఇంత చక్కని సూత్రాలను రాష్ట్రంలోని మామూలు ప్రాథమిక పాఠశాల ముందు పెట్టిన కార్యక్రమం అంతకు ముందు లేదు. మూల్యాంకనానికి ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వచ్చారు. ఇలాంటి కార్యక్రమాన్ని కొలవడంలోని చిక్కుల గురించే వాళ్ళు 1993లో ఒక పరిశోధన వ్యాసం రాశారంటే ఆ పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఒక చిక్కు ఇప్పటికీ పోలేదు. తనిఖీకి వెళ్ళిన అధికారికి గోడ మీద వేలాడే బొమ్మ కనిపిస్తుంది, గుండ్రంగా కూర్చున్న పిల్లలు కనిపిస్తారు. వెనక కూర్చున్న పిల్లకు ఆమె స్థాయికి తగిన పని ఇచ్చారా లేదా అన్నది పదినిమిషాల్లో కనిపించదు. కంటికి కనబడేది అమలైంది, కనబడనిది కాగితం మీద నిలిచింది. తరగతి గది ఎలా ఉందో చూసి నేర్చుకోవడం జరిగిందని తీర్మానించే అలవాటు మన విద్యాశాఖకు అక్కడి నుంచే గట్టిపడిందని నాకనిపిస్తుంది.

ఈ ఒడ్డుకు అన్నిటికన్నా సరిపోయే పద్ధతి నెల్లూరు నుంచి కొండల వైపు వెళ్తే దొరుకుతుంది. మదనపల్లె దగ్గరి రిషీవ్యాలీలో పద్మనాభరావు, రమ దంపతులు 80లలో చుట్టుపక్కల ఊళ్ళలో ఒకే టీచరు నడిపే చిన్న బడుల కోసం దీన్ని రూపొందించారు. అక్కడ పాఠ్యపుస్తకం ఉండదు. మొత్తం చదువును చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, గోడ మీద ఒక ‘నిచ్చెన’గా గీస్తారు. ఒక్కో మైలురాయికి పరిచయం చేసే కార్డు, సాధన కార్డులు, ఎంత వచ్చిందో చూసుకునే కార్డు, రాకపోతే మళ్ళీ నేర్చుకునే కార్డు, వస్తే ఇంకొంచెం ముందుకు తీసుకెళ్ళే కార్డు ఉంటాయి. చదవడం రాని పిల్లలు కూడా బొమ్మ గుర్తును బట్టి తమ కార్డు తామే వెతుక్కుంటారు. కొందరు టీచరు దగ్గర, కొందరు తోటి పిల్లల సాయంతో, కొందరు ఒంటరిగా పనిచేస్తారు. ఒకే గదిలో ఆరేళ్ళ పిల్లా పదేళ్ళ పిల్లవాడూ ఎవరి మెట్టు మీద వాళ్ళుంటారు.

రెండు నెలలు రొయ్యల గుంటల మీద ఉండి తిరిగొచ్చిన యానాది పిల్లవాణ్ణి మామూలు తరగతిలో ఊహించండి. తరగతి ఏడో పాఠంలో ఉంటుంది, వాడు మూడో పాఠం దగ్గర ఆగిపోయాడు. ఆ నాలుగు పాఠాలు మళ్ళీ చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. వారం పది రోజులు ఏమీ అర్థంకాక కూర్చుని వాడు మళ్ళీ బయటికే పోతాడు. నిచ్చెన ఉన్న బడిలో వాడు ఎక్కడ ఆగాడో అక్కడి కార్డే తీసుకుంటాడు. ఆలస్యం అవుతుంది గానీ అవమానం ఉండదు. గైర్హాజరు జరుగుతుందని ముందే ఒప్పుకుని అల్లిన పద్ధతి ఇది. పరీక్ష కూడా అందులోనే కలిసిపోయి ఉంది. ఫలానా రోజున అందరికీ కలిపి పెట్టే పరీక్ష అక్కర్లేదు.

కర్ణాటకలో 1995లో హెచ్‌డీ కోటె ప్రాంతంలో ఇది ‘నలికలి’ అయింది. తమిళనాడు 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలుపెట్టి, 2007 నాటికి రాష్ట్రమంతటి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లోకి తీసుకెళ్ళింది. బల్లలు తీసేసి పిల్లలను నేల మీద కూర్చోబెట్టారు, వాళ్ళ చేతికి అందేలా గోడ కింది భాగంలో నల్లబల్లలు గీశారు. అప్పట్లో తడ నుంచి సరిహద్దు దాటితే ఆ బడులే ఉండేవి. మన ఇంటి పద్ధతిని పక్కవాళ్ళు రాష్ట్రమంతా పరిచారు. మన దగ్గర అది అంతగా నిలదొక్కుకోలేదు. ఇది నాకు బాధ కలిగించే విషయం.

లోపాలు లేవని కాదు. కార్డులు చినుగుతాయి, పోతాయి. కొత్తవి సమయానికి రాకపోతే నిచ్చెన మధ్యలో ఆగుతుంది. శిక్షణ చాలని టీచరు కార్డులు పంచే మనిషిగా మిగిలిపోతాడు. చిన్న కార్డులకు అలవాటుపడ్డ పిల్లలు పొడుగాటి కథ ముందు తడబడతారన్న ఫిర్యాదులో నిజముంది. వీటన్నిటికన్నా పెద్ద లోపం కొలతకు సంబంధించింది. పిల్లవాడు ఏ మెట్టు మీదున్నాడో చెప్పేది అదే టీచరు, చూసుకునేది అదే పిల్లవాడు. బయటి మనిషి వచ్చి చూస్తే ఆ మెట్టు నిలబడుతుందా? తమిళనాడు తర్వాత్తర్వాత ఆ రూపాన్ని మార్చుకుంటూ వచ్చి, 2022లో ‘ఎణ్ణుం ఎళుత్తుం’ అనే కొత్త కార్యక్రమంలోకి వెళ్ళింది.

బయటి మనిషి వచ్చి చూడటాన్ని గట్టిగా చేసింది ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. 2005 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచబ్యాంకు తోడ్పాటుతో ఐదు జిల్లాల్లోని 500 ప్రభుత్వ పాఠశాలలను లాటరీ తీసి వందేసి బడుల ఐదు జట్లుగా విడదీశారు. ఒక వంద బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే ఒక్కో టీచరుకు బోనస్, ఇంకో వందలో బడి మొత్తానికి బోనస్, మరో వందలో అదనంగా ఒక విద్యా వాలంటీరు, మరో వందలో సామగ్రికి డబ్బు. చివరి వందలో ఏ మార్పూ లేదు. లాటరీ ఎందుకంటే, మంచి టీచర్లున్న బడులే కొత్త పద్ధతికి ముందుకొస్తాయి. వాటిని మామూలు బడులతో పోలిస్తే గెలుపు పద్ధతిదా టీచరుదా తేలదు.

రెండేళ్ళకు బోనస్ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, తెలుగులో 0.17 ప్రామాణిక విచలనాలు ముందున్నారు. మామూలు భాషలో చెప్పాలంటే, వందమందిలో సరిగ్గా నడుమనున్న పిల్ల లెక్కల్లో పదిమందినీ, తెలుగులో ఆరేడుగురినీ దాటి ముందుకు వచ్చింది. బోనస్‌తో సంబంధంలేని సైన్సు, సాంఘికశాస్త్రాల్లో కూడా మెరుగుపడ్డారు. విద్యా వాలంటీరు ఉన్న బడులూ లాభపడ్డాయి. లాభం లెక్కల్లో 0.16, తెలుగులో 0.15. పక్కా టీచరు జీతంలో ఐదో వంతు కూడా అందుకోని, ఆ ఊరిదో పక్క ఊరిదో అయిన అమ్మాయి చేసిన పని అది. బోనస్ సూత్రంలో ఒక జాగ్రత్త ఉంది, అది అందరూ గమనించాలి. ఏడాది మొదట్లో పరీక్ష రాసి చివర్లో రాని పిల్లల లెక్క టీచరుకు నష్టమయ్యేలా రాసుకున్నారు. అంటే చదువు రాని పిల్లలను పరీక్ష రోజున ఇంట్లో ఉండమనడం వల్ల లాభం లేదు.

ఇదే పరిశోధకులు 2010లో అచ్చువేసిన మరో ఫలితాన్ని మన విద్యాశాఖ ప్రతి కార్యాలయంలో చర్చించాలి. ఓ వంద బడుల టీచర్లకు ఏడాది మొదట్లో వాళ్ళ పిల్లల మీద వివరమైన నివేదిక ఇచ్చారు. ఎవరికి ఏది రాదు, ఏ అంశం మీద పనిచేయాలి అని. అప్పుడప్పుడు వెళ్ళి చూశారు. చూడటానికి వెళ్ళినప్పుడు ఆ టీచర్లు బాగా చెబుతూ కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో మాత్రం నివేదిక అందని బడులకూ వీటికీ తేడా లేదు. తప్పు ఎక్కడుందో చెప్పిన కాగితం ఒక్కటే చదువు చెప్పదని దీంతో రుజువైంది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. మన దగ్గర నిర్మాణాత్మక మూల్యాంకనానికి నాలుగు సాధనాలు పెట్టారు: పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష. ఆశయం గొప్పది. కానీ ప్రతి పిల్లకూ, ప్రతి సబ్జెక్టుకూ, ఏడాదికి నాలుగుసార్లు గడులు నింపే టీచరుకు, ఆ గడులు చూసి పాఠం మార్చుకునే సమయం ఎవరిచ్చారు? హర్యానాలో ఈ మూల్యాంకనాన్ని లాటరీ పద్ధతిలో పరీక్షించి చూస్తే పిల్లల చదువు మీద దాని ప్రభావం కనిపించలేదు. అదే రాష్ట్రంలో, రోజులో కొంతసేపు పిల్లలను తరగతిని బట్టి కాక వాళ్ళకు వచ్చినదాన్ని బట్టి జట్లుచేసి చెప్పిన చోట హిందీ చదవడం మెరుగుపడింది.

స్థాయిని బట్టి జట్లుచేసే ఈ పద్ధతి ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థది. దాని మీద ఇరవై ఏళ్ళుగా గట్టి పరీక్షలు జరిగాయి. ముంబై, వడోదరల్లో 2001-03 మధ్య బస్తీ అమ్మాయిలు వెనకబడ్డ పిల్లలను రోజుకు రెండు గంటలు వేరుగా కూర్చోబెట్టి చెబితే రెండో ఏటికి 0.28 ప్రామాణిక విచలనాల లాభం వచ్చింది. బీహార్‌లో ప్రభుత్వ టీచర్లు వేసవి శిబిరాల్లో చెప్పినప్పుడు కూడా పనిచేసింది. వాళ్ళే బడి రోజుల్లో, సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి మధ్య చెప్పాల్సి వచ్చినప్పుడు పనిచేయలేదు. మనిషి అదే, పద్ధతి అదే. రోజులో దానికంటూ వేరే గంట లేకపోవడం దాన్ని చంపింది. మన విద్యాశాఖ కూడా ఈ పద్ధతిని తెచ్చింది. ఉదయం గంటను దానికి ఖాయంగా కేటాయించి, ఆ గంటలో సిలబస్ అడగని మండలాల్లో మాత్రమే ఇది నిలుస్తుందని నా అంచనా.

ట్యాబ్‌ల గురించి ఎక్కువ చెప్పను. పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచి చూస్తే చదువులో, లెక్కల్లో మార్పు రాలేదు. ఢిల్లీలో పిల్లవాడి స్థాయిని కనిపెట్టి అక్కడి నుంచి లెక్కలిచ్చే సాఫ్ట్‌వేర్‌తో, బడి అయ్యాక కేంద్రాల్లో కూర్చోబెట్టి నేర్పిస్తే నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37 లాభం వచ్చింది. 2022 డిసెంబరులో మన ఎనిమిదో తరగతి పిల్లల చేతికొచ్చిన ట్యాబ్ గురించి అడగాల్సింది అందులో ఎన్ని వీడియోలున్నాయని కాదు. నాలుగో తరగతి భాగహారం రాని పిల్లవాడికి అది నాలుగో తరగతి భాగహారం ఇస్తుందా అని అడగాలి.

ప్రైవేటు బడి మేలన్న నమ్మకం పాలేల్లో, సంగాల్లో కూడా బలంగానే ఉంది. 2008లో మొదలై నాలుగేళ్ళు 180 గ్రామాల్లో సాగిన వోచర్ల అధ్యయనంలో, లాటరీలో గెలిచి ప్రైవేటు బడికి వెళ్ళిన పిల్లలకూ వెళ్ళని వాళ్ళకూ తెలుగులో, లెక్కల్లో తేడా రాలేదు. హిందీలో వచ్చింది, ఎందుకంటే ప్రభుత్వ ప్రాథమిక బడిలో హిందీ చెప్పరు. ఖర్చు మాత్రం ప్రైవేటు బడిలో మూడో వంతే. ఇందులో రెండు పక్షాలకూ నచ్చని నిజాలున్నాయి, అందుకే దీన్ని ఎవరూ పూర్తిగా ఉదహరించరు. నెల్లూరు కోచింగ్ చదువులకు పేరుపడ్డ ఊరు. ర్యాంకుల ప్రకటనల్లో ఫొటోలుంటాయి, చేరినవాళ్ళు మొత్తం ఎంతమందో ఉండదు. పైన ఎన్ని ఉన్నాయో చెప్పి, కింద ఎన్నింటిలోనో చెప్పని భిన్నం అది.

ప్రభుత్వ బడుల లెక్కలో కూడా అదే లోపం ఉంది గనుక చివరికి దాని దగ్గరికే వస్తున్నాను. ఎసర్ సర్వే 2005 నుంచి చేస్తున్న మంచి పని ఏమిటంటే అది బడికి పోదు, ఇంటికి పోతుంది. ఇంట్లో ఉన్న పిల్లను, బడి మానేసిన పిల్లను కూడా కూర్చోబెట్టి అక్షరం, పదం, పేరా, కథ చదివిస్తుంది. కానీ అది జిల్లాకో సగటు చెబుతుంది. ఇందుకూరుపేట మండలంలోని ఒక సంగంలో ఏం జరుగుతుందో చెప్పలేదు.

దాన్ని చెప్పగల సంస్థ ఈ ఒడ్డునే ఉంది. ప్రాథమిక టీచర్లను తయారుచేసే జిల్లా విద్యా శిక్షణ సంస్థ పల్లిపాడులోనే ఉంది. అక్కడి విద్యార్థులు జూన్‌లో, నవంబరులో, మార్చిలో మూడుసార్లు ఒడ్డు మండలాల ఆవాసాలకు వెళ్ళాలి. బడి రిజిస్టరు పట్టుకుని కాక, అంగన్‌వాడీ సర్వేలో ఉన్న పిల్లల పేర్లన్నీ పట్టుకుని వెళ్ళాలి. ఒక్కొక్కరినీ వేరుగా కూర్చోబెట్టి చదివించాలి, నాలుగు లెక్కలు చేయించాలి. పిల్లకు ఐదు నిమిషాలు చాలు. కుటుంబం గుంటల మీద ఉంటే గుంటల దగ్గరికే వెళ్ళాలి. వేటవిరామం ఏప్రిల్ 15న మొదలవుతుంది గనుక పాలేల్లో మార్చి లెక్క అంతకు ముందే ముగించాలి. వెళ్ళి చూసేది ఆ బడిలో చెప్పే టీచరు కాకూడదు.

ఆ లెక్కను ఆధారంగా పెట్టుకుని సగం బడుల్లో రిషీవ్యాలీ నిచ్చెన, మిగతా సగంలో ఉదయం గంట జట్లు పెట్టవచ్చు. ఏ బడికి ఏదో లాటరీ తీసి తేల్చాలి. కదిలిపోయే కుటుంబాలు ఎక్కువున్న చోట నిచ్చెన గెలుస్తుందని నేననుకుంటున్నాను, కానీ మూడేళ్ళ లెక్క చూడకుండా ఆ మాట ఎవరూ నమ్మక్కర్లేదు. ఫలితం చెప్పేటప్పుడు కింద రాసే అంకె ఆవాసంలోని పిల్లల మొత్తం సంఖ్య కావాలి. ఆ రోజు దొరకని పిల్లను ‘చదవలేదు’ గడిలోనే వేయాలి, ఆమె దొరికాక మార్చాలి. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాలతో మొదలుపెట్టవచ్చు; మూడూ పల్లిపాడుకు దగ్గరే.